కొల్లేటి గట్టున ఒక వానరోజు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి ఇంతకుముందు వక్తలు చెప్పారు. నేను ఇంకో రకం బకాయి గురించి ఐదు నిమిషాలు చెప్పి ముగిస్తాను.

మాది కైకలూరు వైపు కొల్లేటి పల్లె. సరస్సు గట్టున నాన్న వేసిన తాటాకు పాక ఉండేది. బుడమేరు, తమ్మిలేరు పొంగితే నీళ్లు గుమ్మం దాకా వచ్చేవి. ఉప్పుటేరు వాటిని సముద్రంలోకి లాగేదాకా తాటిదోనే మాకు బండి. అన్నయ్య ఎనిమిదో తరగతితో చదువు మానేసి, నన్ను ఆ దోనెలో బడికి దింపేవాడు. నేను గుమస్తానయ్యాను.

2004లో అన్నయ్య చేపల చెరువు కౌలుకు తీసుకుంటానంటే జి.పి.ఎఫ్. నుంచి తీసి 60 వేలు ఇచ్చాను. కొల్లేరు 1999లోనే అభయారణ్యమైంది. 2006లో ఆ పరిధిలోని చెరువుల గట్లు కొట్టేసినప్పుడు అన్నయ్య చెరువూ పోయింది. అదే ఏడు నేను రిటైరయ్యాను, అమ్మాయి పెళ్లి పెట్టుకున్నాను. డబ్బు అడిగాను. అనకూడని మాట కూడా ఒకటి అన్నాను. నాలుగేళ్లు మాటల్లేవు.

2010 శ్రావణంలో నాన్న తిథికి వదిన కబురు పెడితే వెళ్లాను. భోజనాలయ్యాక, బస్సుకు ఇంకా వేళుందని పాక చూడబోయాను. అన్నయ్య అక్కడే ఉన్నాడు. ఇంతలో వాన పట్టుకుంది. చీకటి పడినా తెరిపి ఇవ్వలేదు. దారి మునిగింది. కప్పు నాలుగు చోట్ల కారుతుంటే అన్నయ్య గిన్నె, బకెట్టు, చివరికి మంచినీళ్ల చెంబు కూడా పెట్టాడు. మిగిలిన పొడి చోటు నులకమంచమంత.

“మంచం మీద పడుకోరా, నీకు చెమ్మ పడదు” అన్నాడు. నాలుగేళ్లలో మొదటి మాట అది.

ఆయన గోనెపట్టా మీద కూర్చున్నాడు. నాకు నిద్ర పట్టలేదు. 37 ఏళ్లు లెక్కలు రాసినవాణ్ని. నా డైరీలో అన్నయ్య పేరున 60 వేలు తేదీతో సహా ఉంది. ఆయన దోనె నడిపిన రోజులు మాత్రం ఏ పద్దులోనూ లేవు. “నువ్వూ రా అన్నయ్యా, ఇద్దరికీ చోటుంది” అన్నాను. తెల్లవార్లూ మాట్లాడుకున్నాం. తర్వాత కొంత సొమ్ము ఆయన తీర్చాడు, మిగతాది నేను కొట్టేశాను.

అన్నయ్య 2019లో పోయాడు. ఇప్పుడు పాకా లేదు. ఆనాడు ఆ వాన కురవకపోతే ఆ తొమ్మిదేళ్లు మాకు దక్కేవి కావు.

మిత్రులారా, రిటైర్మెంటు సొమ్ము అయినవాళ్లకు ఇచ్చేటప్పుడు కాగితం రాసుకోండి, ఇంట్లో చెప్పండి. అది తిరిగి రాకపోయినా రాకపోకలు మాత్రం మానకండి. బతికే ఉన్నామని ఏటా ట్రెజరీకి తెలియజేస్తున్నాం. అయినవాళ్లకు కూడా ఒకసారి తెలియజేద్దాం. సెలవు.