పంచాంగం: డెంకణికోట ఇళ్లలో రెండు గణనలు



డెంకణికోట వీథులలో తెలుగు, కన్నడ, తమిళ కుటుంబాలు ఇరుగుపొరుగుగా నివసిస్తున్నవి. 2025 మార్చి 30న తెలుగు, కన్నడ ఇళ్లలో ఉగాదితో విశ్వావసు నామ సంవత్సరం ప్రవేశించినది. తమిళుల ఇంట ఏప్రిల్ 14 వచ్చేవరకు క్రోధియే నడిచినది. పదిహేను దినాలపాటు ఒకే వీథిలో రెండు సంవత్సరాలు! ఏది నిజమని బడిపిల్లవాడు అడిగితే, రెండూ నిజమేనని పెద్దలు వివరించగలిగి ఉండాలి.

పంచాంగానికి తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనేవి ఐదు అంగాలు. వీటిలో తిథి ప్రధానం. చంద్రుడు సూర్యుని కంటె 12 డిగ్రీలు ముందుకు సాగడానికి పట్టే కాలమే తిథి. చంద్రుని నడక ఎల్లప్పుడూ ఒకే తీరుగా ఉండదు. అందుచేత తిథి ఒకప్పుడు 19 గంటలకే ముగియవచ్చు, మరొకప్పుడు 26 గంటలకు పైగా సాగవచ్చు. సూర్యోదయానికి ఉన్న తిథినే సాధారణంగా ఆనాటి తిథిగా వ్రాస్తారు. తిథిలో సగం కరణం. చంద్రుడున్న చోటు నక్షత్రాన్ని, సూర్యచంద్రుల స్థానాల కూడిక యోగాన్ని తెలుపుతాయి.

పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 దినాలే. ఏటా తగ్గే ఈ పదకొండు దినాల వలన ఉగాది వెనుకకు జరుగుతూ ఉంటుంది: 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. అధిక జ్యేష్ఠం 2026లో చేరినందున 2027లో ఉగాది ఏప్రిల్ 7కు మరలుతుంది. తమిళుల మాసమో, సూర్యుడు రాశిలో ప్రవేశించడంతో మొదలవుతుంది కనుక అంతగా కదలదు.

ఈ భేదం వియ్యమందుకొన్న కుటుంబాలకు బాగా తెలుసు. 2025లో ఆషాఢం జూన్ 26 నుండి జూలై 24 వరకు. తమిళుల ఆడి జూలై 17 నుండి ఆగస్టు 16 వరకు. రెండిటినీ పాటించే ఇంటికి ఏడు వారాలకు పైగా పెళ్లి ముహూర్తమే లేదు!

అంతమాత్రాన చాంద్రమానం మనది, సౌరమానం వారిదని గిరి గీయడం పొరపాటు. మృగశిర, ఆరుద్ర అంటూ వానకు ఎదురుచూసే తెలుగు రైతు లెక్కించే కార్తె సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే సుమారు పదమూడు, పద్నాలుగు దినాల కాలం, అది సౌరగణనమే. తమిళులు వినాయక చవితి జరుపుకొనేది తిథిని చూచియే.

తల్లిదండ్రులు ముఖ్యంగా గమనించవలసినది మరొకటి ఉన్నది. ఆబ్దికం తేదీకి కాదు, తిథికి పెడతారు. తాతగారు పోయిన తేదీని మాత్రమే వ్రాసిపెట్టుకొన్న ఇళ్లు నేడు పెరుగుతున్నవి. తేదీని బట్టి తిథి కట్టవచ్చు. కాని మధ్యాహ్నం తిథి మారిన దినమైతే, వేళ తెలియనిదే ఏ తిథియో తేలదు. కనుక ఇంటి పుస్తకంలో మాసం, పక్షం, తిథులతోపాటు పోయిన వేళను కూడా తెలుగులో వ్రాసి ఉంచాలి. ఆ పుటను చదవడం పిల్లలకు నేర్పాలి.