ముదిమిలో మరపు

అత్తగారు ఉంగరమును బియ్యపు డబ్బాలో దాచి, దాచిన సంగతి మరచెను. కోడలే తీసినదని ఇరుగుపొరుగులతో చెప్పుకొనెను. కోడలు కంట తడిపెట్టెను. కొడుకు ఎవరి పక్షమును వహింపలేక మిన్నకుండెను. ఇట్టి కలహములు మన యిండ్లలో అరుదు కావు. ముసలితనపు చాదస్తమని ఒక్క మాటతో సరిపెట్టుకొనుట మనకు వాడుక. ఆమెను వైద్యునికి చూపవలెనని మాత్రము ఎవరికిని తోచదు.

వయస్సుతోపాటు జ్ఞాపకము కొంత మందగించుట సహజమే. కండ్లజోడు ఎక్కడ పెట్టితిమా యని వెదకుకొనుట వ్యాధి కాదు. కాని నలువది యేండ్లు నడచిన వీధిలో దారి తప్పుట, చేయి తిరిగిన వంటలో వరుస మరచుట, చిల్లర లెక్క తెలియకపోవుట, అడిగిన ప్రశ్ననే మరల మరల అడుగుట - ఇవి వేరు. నిత్యకృత్యములకు అడ్డువచ్చు మరపును వయస్సు పద్దున వ్రాయరాదు.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున 51 ఏండ్ల స్త్రీ నొకతెను అలోయిస్ అల్జైమర్ అను వైద్యుడు పరీక్షించెను. ఆమె జ్ఞాపకము చెడి, భర్తను అకారణముగా అనుమానించుచుండెను. 1906లో ఆమె మరణించిన పిమ్మట ఆమె మెదడును సూక్ష్మదర్శినితో చూడగా, కణముల వెలుపల పేరుకొన్న పదార్థమును, లోపల చిక్కుపడిన పోగులును కనబడెను. ఆ యనుమానము ఆమె గుణదోషము కాదు. మెదడునకు వచ్చిన జబ్బు.

అయితే ప్రతి మరపును అల్జైమర్ వ్యాధి కాదు. థైరాయిడ్ గ్రంథి మందగించినను, బి12 విటమిను కొరవడినను, మనస్సున దిగులు ముదిరినను, నిద్రమాత్రల వంటి మందులు పడకపోయినను జ్ఞాపకము చెడవచ్చును. జారిపడి తలకు దెబ్బ తగిలిన వృద్ధులకు, కొన్ని వారముల పిమ్మట పుఱ్ఱెలోపల నెత్తురు చేరి మతి తప్పవచ్చును. వీనిలో పెక్కు చికిత్సకు లొంగునవి, ఆలస్యమైనచో లొంగకపోవచ్చును. రెండు మూడు దినములలోనే మతి తారుమారైనచో ఆనాడే ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

వైద్యుడు మూడు మాటలు చెప్పి, కొంతసేపటికి వానిని తిరిగి అడుగును. గడియారపు బొమ్మ గీయించును. నెత్తురు పరీక్షింపించును; అవసరమైనచో మెదడునకు స్కానింగు తీయించును. చదువురాని అవ్వను వ్రాతపనితో కొలువరాదు. పండుగల వరుసయో, సంత లెక్కయో అడుగవలెను. వెంట వెళ్ళువారు ఆమె వాడు మందులన్నియు సంచిలో వేసికొని, మార్పు ఎప్పుడు మొదలైనదో వ్రాసికొని పోవలెను. చెవుడున్నచో అదియు చెప్పవలెను. వినబడని మాట గుర్తుండదు గదా!

కుదురు జబ్బు కాదని తేలినను ఆ శ్రమ వ్యర్థము కాదు. పొయ్యి దగ్గర ఎవరు కనిపెట్టి యుండవలెనో, ఆస్తి వ్యవహారములు ఆమెకు తెలివి యుండగనే ఎట్లు చక్కబెట్టవలెనో ఇంటివారు ముందుగా ఆలోచించుకొందురు. అన్నిటికంటె ముఖ్యముగా, దొంగయను నింద కోడలిపైనుండియు, గయ్యాళియను నింద అత్తపైనుండియు తొలగిపోవును.