పాత కారు క్రింది చుక్క
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు పంచాంగం విని ఆదాయ వ్యయాలు తెలుసుకోవడం మన ఆచారం. పంచాంగంలో లేని ఒక వ్యయాన్ని గురించి ఈ పూట మనవి చేస్తాము. అది మన వాకిట్లో నిలిపిన పాత కారు రాత్రివేళ చడీ చప్పుడూ లేకుండా చేసే వ్యయం.

మనలో చాలామంది హోసూరుకు పారిశ్రామికవాడ వచ్చిన తరువాత ఉద్యోగాలకై వచ్చినవాళ్లం. అశోక్ లేలాండ్ కర్మాగారం 1980లో ఇక్కడ వెలిసింది. ఆ యేడే టీవీయస్ మోపెడ్ కూడా ఇక్కడనుంచే బయలుదేరింది. యంత్రం తెలిసిన చేతులకు ఈ వూళ్లో కొదవలేదు. అయినా నాన్నగారో మామగారో వాడిన అంబాసిడరు క్రింద మరక కనబడితే మనం చేసే పని ఒకటే: డబ్బా నూనె తెచ్చి పోయడం. కారేది యేదో, యెక్కడనుంచో తెలియకుండా పోస్తే అది చిల్లికుండలో పోసినట్లే.

అంబాసిడరు 1950ల చివర వచ్చి, 2014 మే నెలలో ఉత్తరపారాలో ఆగిపోయింది. అన్నిటికంటె చిన్న బండికి కూడా పదేళ్లు దాటాయన్నమాట. వయసు మీద పడితే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. కార్కు గ్యాస్కెట్లు కుంచించుకుపోతాయి. కనుక కారడం వింత కాదు. ఏ చుక్కను చూసి నింపాదిగా వుండవచ్చునో, ఏ చుక్కను చూసి బండిని కదలనీయరాదో తెలియాలి. అంతే.

ముందు ఇంజను చల్లారనివ్వండి. దాపున నిప్పు లేకుండా చూసుకొని, కిరసనాయిలు గుడ్డతో ఇంజనునూ, అందినంతవరకు అడుగు భాగాన్నీ తుడిచి ఆరనివ్వండి. బండిని చదునైన నేలమీద నిలిపి, క్రింద పాత అట్టపెట్టెలు విప్పి పరవండి. నాలుగు చక్రాలు యెక్కడున్నవో అట్టమీద గీసి, ముందువైపు యేదో వ్రాసి పెట్టండి. తెల్లవారి తీసి చూస్తే ఆ అట్టే మీ బండి జాతకచక్రం.

ఇక చదవడం. చుక్క పడిన చోటు, రంగు, వాసన, వేలికి తగిలే జిడ్డు, ఈ నాలుగూ చూడాలి. ముందుభాగంలో నీరు, లేక పచ్చని తియ్యవాసన ద్రవం వుంటే రేడియేటరు, హోసు పైపులు, నీటి పంపు చూడండి. ఆ ద్రవం విషం. పిల్లలనూ కుక్కలనూ దగ్గరకు రానివ్వకండి. నడుమ నల్లని జిడ్డు పడితే ఇంజను ఆయిలు. వెనుక ఇరుసు క్రింద చిక్కగా, గంధకపు వాసనతో పడితే డిఫరెన్షియల్ నూనె. చక్రం లోపలివైపు పలుచగా, లేత రంగులో తడి కనబడి, నీటితో కడిగితే పోయేదైతే బ్రేకు ఆయిలు.

చుక్క పడ్డ చోటే చిల్లు వుండదు. నూనె పైనుంచి క్రిందికి జారుతుంది. బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కు పోతుంది. కనుక మరకకు పైనా ముందూ వెతకాలి. అనుమానమున్న చోట తుడిచి, ముఖానికి వేసే పౌడరు చల్లి, కొద్దిసేపు ఇంజను నడిపి ఆపి చూడండి. తడి దారి తెల్లపొడిలో గీతలాగ కనబడుతుంది.

అంబాసిడరు పాత పెట్రోలు ఇంజనులో క్రాంకు వెనుక కొసన రబ్బరు సీలు లేదు. నూనెను వెనక్కు మళ్లించే మరలగాడి మాత్రమే వుంది. అక్కడ కొంచెం చెమర్చడం దాని స్వభావం. ఎక్కువైతే ఇంజను దించేముందు గాలిగొట్టం మూసుకుపోయిందేమో చూడండి. లోపలి ఒత్తిడి పోయే దారి లేకపోతే నూనెను తోసేస్తుంది. పైమూత కారుతున్నదని బోల్టులు బలంకొద్దీ బిగించకండి. రేకు వంగి మరింత కారుతుంది. నీటి పంపు అడుగున వున్న చిన్న రంధ్రంనుంచి నీరు కారితే లోపలి సీలు పోయిందని అర్థం. ఆ రంధ్రం మూయరాదు, పంపు మార్చాలి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల యెత్తున వుంది. కృష్ణగిరి సుమారు 500 మీటర్లే. శూలగిరి మీదుగా యాభై కిలోమీటర్లు దిగుతూ పోవాలి. సేలం వెళ్లేవారికి ధర్మపురి దాటిన తరువాత తొప్పూరు కనుమ వుండనే వుంది. పాత నమూనాలలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే ద్రవం దారి. ఒకచోట తెగితే నాలుగూ పోతాయి. మిగిలేది చేతి బ్రేకు ఒక్కటే.

బండి కదిలించక ముందు బ్రేకు పెడల్ ఒక నిముషం గట్టిగా తొక్కి పట్టండి. మెల్లగా క్రిందికి దిగిపోతే ఎక్కడో కారుతున్నది, లేదా మాస్టరు సిలిండరు లోపల చెడింది. ఆ డబ్బాలో ఇంజను ఆయిలు మాత్రం పోయకండి. రబ్బరు వుబ్బి బ్రేకులే పట్టుకుపోతాయి.

కనుక మా తీర్పు యిది. ఇంజను ఆయిలు చుక్కలైతే, కడ్డీతో మట్టం చూసుకుంటూ షాపుదాకా నడపవచ్చు. నీరు కారితే దూరం పోరాదు, వేడిమీద రేడియేటరు మూత తీయరాదు. పెట్రోలు వాసన వచ్చినా, బ్రేకు ఆయిలు కనబడినా బండి గేటు దాటరాదు. మెకానిక్కునే ఇంటికి పిలవండి. పెళ్లి ముహూర్తం దాటిపోతుందన్నా సరే, బస్సెక్కండి.

ఒక్క హెచ్చరిక. వట్టి జాకీ మీద లేపిన బండి క్రింద తల పెట్టకండి. అది టన్నుకు పైబడిన బరువు. గట్టి స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డుదిమ్మలు వేసిన తరువాతనే వంగి చూడండి.

ఈ పండుగ సెలవుల్లో ప్రతి యింటా ఒక రాత్రి అట్ట పరవండి. మర్నాడు పిల్లలను పిలిచి యే చుక్క యేదో చెప్పించండి. కొత్త సంవత్సరంలో మీ ప్రయాణాలన్నీ క్షేమంగా సాగాలని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాము.