రసీదు తీసుకున్నాను, లెక్క అడుగుతాను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. పదకొండేళ్లు వంతెనల పనిచేశాక ఒక ఇంజనీరింగ్ విద్యాసంస్థలో పూర్వ విద్యార్థుల విభాగంలో చేరాను. ఆ సంస్థకు విరాళాలు సేకరించడం నా పని. "మావాడు చందాలు వసూలు చేస్తాడు" అని మా అమ్మ ఇరుగుపొరుగుకు చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

చదువుకున్న చోటును జనం మరిచిపోతారనుకుంటాం. 2023లో నందన్ నీలేకని గారు ఐఐటీ బొంబాయికి 315 కోట్లు ఇచ్చారు. ఆయన అక్కడ చేరి అప్పటికి యాభై ఏళ్లు. మరుసటి ఏడు మన తెలుగువారు, 1970లో ఐఐటీ మద్రాసులో ఎం.టెక్. చేసిన కృష్ణ చివుకుల గారు ఆ సంస్థకు 228 కోట్లు ఇచ్చారు. చదువు ముగిసిన యాభై నాలుగేళ్లకు! మరుపు కాదు, పలకరింపు లేకపోవడమే అసలు లోటని నా అనుభవం.

ఒకసారి నేను తల దించుకోవలసి వచ్చింది. ఒకాయన తండ్రి పేరిట మా ప్రయోగశాలకు ఒక యంత్రం కొనిచ్చారు. శాలువా కప్పాం, శిలాఫలకం పెట్టాం, ఫొటో దిగాం. రెండేళ్ల తర్వాత ఆయన వచ్చి చూస్తే గదికి తాళం. యంత్రం ఇంకా పెట్టెలోనే ఉంది. దాన్ని నడిపే మనిషికి జీతం ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. ఆయన కోప్పడలేదు. "ఒక్క ఉత్తరం రాసి ఉంటే ఆ ఖర్చూ నేనే పెట్టుకునేవాణ్ణి కదండీ" అన్నారు. అంతే, మళ్లీ రాలేదు.

ఈ స్వర్ణోత్సవ నిధితో బడికి ముఖద్వారం కట్టిద్దామని కొందరు మిత్రులు అంటున్నారు. కట్టడాలంటే నాకూ ఇష్టమే. కానీ ద్వారానికి వచ్చే ఏడే రంగు వెలుస్తుంది. అదే 10 లక్షలు శాశ్వత నిధిగా బ్యాంకులో వేసి అసలు ముట్టుకోకుండా ఉంటే, ఏడు శాతం వడ్డీ లెక్కన ఏటా 70 వేలు వస్తాయి. సైన్సు ల్యాబుకు సామాను, లేనివాళ్ల పిల్లలకు నోటు పుస్తకాలు ఏటా కొనవచ్చు. ఒక్క జాగ్రత్త: విదేశీ పౌరసత్వం తీసుకున్న మన మిత్రులు పంపే డబ్బును ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా సంఘం తీసుకోకూడదు.

చివరగా నా సొంత బాకీ ఒకటి. పదో తరగతి పరీక్ష ఫీజు గడువు ఆఖరి రోజున మన సైన్సు మాస్టారు నా ఫీజు కట్టేశారు. నాకు మాటమాత్రం చెప్పలేదు, గుమాస్తా గారు చెబితే తెలిసింది. మొదటి జీతం అందగానే డబ్బు పట్టుకెళ్తే తీసుకోలేదు. "నాకెందుకురా? ఈ ఏడూ ఒకడుంటాడు, వాడికి కట్టు" అన్నారు. ఇన్నేళ్లూ ఊళ్లు తిరిగి ఎవరెవరినో అడిగాను. ఆ ఒక్కడి ఫీజు మాత్రం కట్టలేదు. మాస్టారు ఇప్పుడు లేరు.

అందుకే ఈ ఉదయం శాశ్వత నిధికి నా వంతుగా 2 లక్షల చెక్కు కోశాధికారి గారికి ఇచ్చి, రసీదు తీసుకున్నాను. వచ్చే ఏడు సభలో లెక్క అడుగుతాను. మీరూ ఇవ్వండి, మీరూ అడగండి.

సెలవు.