మూడో గంట లాంటి పాట

హెవీ మెటల్ అనగానే చెవులు మూసుకునేవాళ్లున్నారు. నేనూ ఒకప్పుడు ఆ బాపతే. కానీ ఆ అభిమానుల సంబరం చూస్తే ముచ్చటేస్తుంది.

ఐరన్ మెయిడెన్ అని ఒక బ్రిటిష్ బృందం. వాళ్ల కచేరీకి ముందు స్పీకర్లలో వేరేవాళ్ల పాట వస్తుంది. యూఎఫ్‌ఓ బృందం పాడిన 'డాక్టర్ డాక్టర్'. అది వినపడిందా, మైదానమంతా ఒకటే కేక! మన నాటకాల్లో మూడో గంట కొట్టినట్టన్నమాట. ఇక తెర లేవడమే తరువాయి.

ఆ తర్వాత 'ఫియర్ ఆఫ్ ది డార్క్' పాట. జనం మాటలు పాడతారు, సరే. గిటార్ వరస కూడా పాడేస్తారు! మాటల్లేని వరసండీ, ఓ... ఓ... అంటూ. 2001 నాటి రియో కచేరీ రికార్డింగ్ వినండి. గిటార్ ఏదో, గొంతు ఏదో విడదీయడం కష్టం. వాళ్లు వినడానికి రారు, పాడడానికి వస్తారు. అవును, పాడడానికే.

2007 మార్చిలో ఈ బృందం బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కీ వచ్చింది. మరుసటి ఏడు ముంబైకి. ఆ యాత్రలో బృందం తిరిగిన విమానాన్ని నడిపిన పైలట్ ఎవరనుకున్నారు? గాయకుడు బ్రూస్ డికిన్సనే!

కచేరీ ముగిశాక మాంటీ పైథాన్ అనే హాస్య బృందం పాట ఒకటి వేస్తారు. అందులో ఈల ఉంటుంది. గొంతు పోయినవాళ్లు ఆ ఈలే వేసుకుంటూ గేటు వైపు నడుస్తారు.