స్కేలు పక్కన పెట్టిన తరువాత
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి పెద్దలు ఇంతవరకు చెప్పారు. నన్ను బొమ్మల గురించి చెప్పమన్నారు. భోజనాల వేళయింది కనుక క్లుప్తంగా ముగిస్తాను.

నేను ఇరిగేషన్ శాఖలో 34 సంవత్సరాలు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. టీ-స్క్వేరు, సెట్ స్క్వేరు, ట్రేసింగ్ క్లాత్, ఇండియన్ ఇంకు, ఇదే నా లోకం. స్కేలు లేకుండా ఒక్క గీత గీసి ఎరుగను. రిటైరైన వేసవిలో మనవడు వచ్చి "తాతగారూ, కాకి బొమ్మ వేయండి" అన్నాడు. వేశాను. మా ఇంటావిడ తొంగి చూసి, "ఇది కాకి కాదండీ, కాలువ మీద తూము" అంది. నవ్వాను గాని, పౌరుషం వచ్చింది.

ఆ వారంలోనే రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి చిత్రశాలకు వెళ్ళాను. పక్కనే ధవళేశ్వరంలో అన్నేళ్ళు ఉద్యోగం వెలగబెట్టి అంతవరకు అందులో అడుగుపెట్టలేదని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఆయన ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూలులో చదివారు. 1925లో, 28వ ఏట, మశూచితో పోయారు. భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కూడా కుంచె పట్టినవారే. అది చదివి ఇంటికొచ్చి, మా ఆవిడకూ ఒక పెన్సిలు ఇచ్చాను. "పప్పు మాడుతుంది" అని తిరిగి ఇచ్చేసింది.

సరే, ఆవిడనే వేయడం మొదలుపెట్టాను. కూర్చోమంటే బిగుసుకుపోయేది. పెన్షను కాగితాల కోసం మన అందరం తీయించుకున్న జాయింటు ఫొటోలో లాగా! అందుకని చెప్పకుండా వేసేవాణ్ణి. చింతపండులో గింజలు తీస్తుంటే, కనకాంబరాలు మాల కడుతుంటే, చేటలో బియ్యం చెరుగుతుంటే. కదిలే మనిషిని వేయాలంటే ముఖంతో మొదలుపెట్టకూడదు. మెడ నుంచి నడుము దాకా వంపు ముందు ఒక్క గీతలో పట్టుకోవాలి. పది సెకండ్లు చాలు. రబ్బరు జోలికి పోకండి. తప్పు గీత పక్కనే సరైన గీత వేయండి. 2బి పెన్సిలు మంచిది. మనం ఆఫీసులో వాడిన 4హెచ్ కాగితాన్ని గీరుతుంది. నీటి రంగులైతే లేత రంగు ముందు, ముదురు తరువాత. తెలుపు కావలసిన చోట కాగితాన్నే వదిలేయాలి. గోదావరి మీద పొద్దున్నే మెరుపు అలా వచ్చిందే. అది తెలియడానికి నాకు రెండు ట్యూబుల తెల్లరంగు ఖర్చయింది!

ఆరేళ్ళలో పదకొండు పుస్తకాలు నిండాయి. రెండేళ్ళ క్రితం మా ఆవిడ కాలం చేసింది. పదో రోజుకు ఫొటో పెట్టాలని పిల్లలు ఇల్లంతా వెతికారు. పెళ్ళి ఫొటో ఉంది, ఆ జాయింటు ఫొటో ఉంది. రెండింటిలోనూ ఆవిడ ఎవరో పరాయి మనిషిలా ఉంది. మా అమ్మాయి నా పుస్తకాలు దించి తిరగేసి, చేట బొమ్మ దగ్గర ఆగిపోయింది. "అమ్మ ఇలాగే కూర్చునేది నాన్నా" అంది. ఆ బొమ్మలో చేతులున్నాయి, చేట ఉంది, కింద గింజల కోసం చేరిన పిచ్చుక ఉంది. ముఖం లేదు. ఆ రోజు పాలు పొంగుతున్నాయని ఆవిడ మధ్యలో లేచి వెళ్ళిపోయింది.

ముఖం పూర్తిచేయమని అమ్మాయి అడిగింది. మూడు రోజులు ప్రయత్నించాను. రాలేదు. అలాగే ఫ్రేము కట్టించాం.

ప్రతి ఆదివారం ఉదయం ఆరు గంటలకు నేను గోదావరి గట్టున ఉంటాను. పెన్సిళ్ళు, కాగితాలు నా దగ్గర ఉన్నాయి. వచ్చేవారు మీ ఇంటివారిని కూడా తీసుకురండి. కూర్చోమని మాత్రం చెప్పకండి.