దీవుల మధ్య ఒక రోజు: పడవ ఎక్కే ముందు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవాల ముగింపుగా వచ్చే జనవరిలో అందరం కలిసి అండమాన్ వెళ్దామని సంఘం తీర్మానించింది. అందులో ఒక రోజంతా పడవ మీద దీవి నుంచి దీవికి తిరగాలని, మధ్యలో ఈతకు ఆగాలని కార్యవర్గం కోరిక. ఆ ఒక్క రోజును ఎలా వేసుకోవాలో పదిహేను నిమిషాల్లో చెప్పమన్నారు. ఒక ఇంజనీరుకు మైకు ఇచ్చి పదిహేను నిమిషాలు అనడం వాళ్ళ ధైర్యం.

ఇప్పటికి 48 పేర్లు వచ్చాయి. అందులో ఆరుగురు మా ఉపాధ్యాయులు. మాలో ఎక్కువమందికి యాభై దాటాయి. కొందరికి బీపీ, కొందరికి షుగరు, ఇద్దరికి గుండెలో స్టెంట్లు, మోకాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. ఈ రోజును బాగా ఈదేవాళ్ళను చూసి కాదు, నీళ్ళంటే భయపడేవాళ్ళను చూసి వేసుకోవాలి. అలా వేసుకుంటే 48 మందికీ సముద్రం దక్కుతుంది. లేకపోతే పదిమందికి ఈత, మిగతావాళ్ళకు సంచుల కాపలా.

మన ఊళ్ళలో మగపిల్లలు ఈత ఎలా నేర్చుకున్నారో మీకు తెలుసు. నడుముకు సొరబుర్రో బెండో కట్టి బావిలోకి తోసేవారు. రెండు వేసవులు గడిచేసరికి ఈత వచ్చేసేది. ఆడపిల్లలను బావి దగ్గరికి రానిచ్చినవాళ్ళు ఎంతమంది? మా తరగతిలో ఒక్కరంటే ఒక్క అమ్మాయికి ఈత నేర్పలేదు. ఇవాళ వాళ్ళలో బ్యాంకు మేనేజర్లున్నారు, డాక్టర్లున్నారు, అమ్మమ్మలున్నారు. మెడలోతు నీళ్ళలో నిలబడటం ఎలా ఉంటుందో వాళ్ళకు ఇప్పటికీ తెలియదు. ఈ యాత్రలో వాళ్ళు మళ్ళీ గట్టు మీదే కూర్చుంటే మనం స్వర్ణోత్సవం చేసుకుని ఏం లాభం?

ఇక బావి ఈత వచ్చినవాళ్ళకూ ఒక మాట. బావిలో అలసిపోతే నాలుగు బారల్లో మెట్టు అందుతుంది. సముద్రంలో మెట్టు ఉండదు, ప్రవాహం ఉంటుంది. నువ్వు కదలకపోయినా అది నిన్ను కదిలిస్తుంది. ముప్పై ఏళ్ళ కిందటి ఈతను నమ్ముకుని లైఫ్ జాకెట్ వద్దనేవాళ్ళ గురించే నాకు ఎక్కువ భయం. అందుకని లైఫ్ జాకెట్ అందరికీ తప్పనిసరి, ఈతగాళ్ళకు కూడా.

ఇప్పుడు కాలం లెక్క. అండమాన్‌లోనూ మన గడియారమే నడుస్తుంది, కానీ సూర్యుడికి మన గడియారంతో పని లేదు. హైదరాబాదు కన్నా పోర్ట్‌బ్లెయిర్ దాదాపు 14 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున దాదాపు గంట తేడా. జనవరి మధ్యలో ఇక్కడ ఆరు గంటలకు పొద్దుగూకితే అక్కడ ఐదుంపావుకే గూకుతుంది. కాబట్టి రోజును పొద్దున్నుంచి సాయంత్రానికి కాకుండా, సాయంత్రం నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. నాలుగుంపావుకు ఆఖరి మనిషి రేవులో దిగాలి. అప్పుడు ఏదైనా ఆలస్యం జరిగినా చేతిలో గంట వెలుతురు ఉంటుంది.

తర్వాత, ఎన్ని దీవులు? ఏజెంట్లు మూడు దీవుల ప్యాకేజీ చూపిస్తారు. నా సలహా రెండు చాలని. ఎందుకంటే పెద్దవాళ్ళు పడవ ఎక్కడానికైనా దిగడానికైనా మనిషికి అరనిమిషం పడుతుంది. 48 మందికి 24 నిమిషాలు. రెండు దీవులంటే బయలుదేరే రేవుతో కలిపి మూడుసార్లు ఎక్కడం, మూడుసార్లు దిగడం. అంటే ఎక్కిదిగడానికే 144 నిమిషాలు, దాదాపు రెండున్నర గంటలు. మూడో దీవి చేరిస్తే ఇంకో 48 నిమిషాలు. అవి ఈత సమయంలోంచే పోతాయి.

రెండు దీవులు ఏవి? వండూరు నుంచి వెళ్ళే జాలీ బాయ్ దీవి చాలా అందమైనది. 1983లో ఏర్పాటు చేసిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది. పగడాలు చూడాలంటే అక్కడికే వెళ్ళాలి. కానీ పడవలో దాదాపు గంట వెళ్ళాలి, గంట రావాలి. అక్కడ రేవు లేదు, పెద్ద పడవ నుంచి చిన్న పడవలోకి మారి ఒడ్డుకు చేరాలి. మన మోకాళ్ళకు అది కష్టం. ఓపిక ఉన్నవాళ్ళు ఇంకో రోజు వెళ్ళండి. అక్కడికి ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు, ముందే తెలుసుకుని బయలుదేరండి.

అందరూ కలిసి వెళ్ళే రోజుకు నార్త్ బే, రాస్ దీవి సరిపోతాయి. రెండూ పోర్ట్‌బ్లెయిర్ రేవుకు దగ్గర. పాత 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, సముద్రం ఉండేవి కదా, అది నార్త్ బే వైపు దృశ్యమే. రాస్ దీవికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు మార్చారు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు చూసి కంగారు పడకండి.

ముందు నార్త్ బే, తర్వాత రాస్. ఈ వరుస మార్చవద్దు. సాధారణంగా పొద్దున గాలి తక్కువ, నీళ్ళు తేటగా ఉంటాయి. ఈత అప్పుడే, భోజనానికి ముందే కావాలి. ఎనిమిదిన్నరకు ఎక్కడం మొదలుపెడితే తొమ్మిదీ నలభైకి అందరం నార్త్ బేలో ఉంటాం. తొమ్మిదీ ముప్పావు నుంచి పదకొండున్నర దాకా నీళ్ళు. అందరూ ఒకేసారి కాదు, 16 మంది చొప్పున మూడు జట్లు, జట్టుకు అరగంట. ఒక జట్టు నీళ్ళలో, ఒక జట్టు జాకెట్లు బిగించుకుంటూ, ఒక జట్టు నీడలో. ఈత రానివాళ్ళది మొదటి జట్టు, అప్పటికి నీళ్ళు ఇంకా నెమ్మదిగా ఉంటాయి కాబట్టి. నడుములోతు దాటనక్కర్లేదు. గైడు చెయ్యి పట్టుకుని, ముఖానికి అద్దం పెట్టుకుని తల వంచితే చాలు, కింద చేపలు కనిపిస్తాయి. అది చూడటానికి ఈత రావాల్సిన పని లేదు.

భోజనం చేసుకుని ఒకటిన్నరకు రాస్. అక్కడ ఈత లేదు. చెట్ల నీడ, జింకలు, నెమళ్ళు, వేళ్ళు అల్లుకున్న పాత ఇంగ్లీషు భవనాల గోడలు. నడవలేనివాళ్ళకు బ్యాటరీ బండ్లు ఉన్నాయి. బ్రిటిషువాళ్ళు దశాబ్దాలపాటు అండమాన్‌ను పాలించింది ఈ దీవి నుంచే. 1941 భూకంపం దాన్ని బాగా దెబ్బతీసింది. మా సోషల్ మాస్టారు ఆ గోడల మధ్య నిలబడి ఒక పాఠం చెబితే వినాలని నాకు ఆశ. మూడూ పదికి మళ్ళీ పడవ ఎక్కడం మొదలు.

ఇదంతా సముద్రం ఒప్పుకుంటేనే. తేదీ వేసుకునే ముందు పంచాంగం చూడమంటాను. ముహూర్తం కోసం కాదు, ఆటుపోట్ల కోసం. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటు, ఆటు రెండూ బలంగా ఉంటాయి, ప్రవాహమూ ఎక్కువ. అష్టమికి ఒకటి రెండు రోజులు అటూఇటూగా అయితే నెమ్మది. పోటుకూ పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు, అందుకే రోజుకు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఏ రోజు ఏ వేళకు పోటో సర్వే ఆఫ్ ఇండియా పట్టికలు వేస్తుంది. అలల సూచన ఇచ్చేది మన హైదరాబాదు ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థే. ఆ సూచనలో ఒక మెట్టపల్లం తెలుసుకోండి. అలల ఎత్తు మీటరు అని ఇస్తే అన్ని అలలూ మీటరే అని కాదు. అన్ని అలల్లో పెద్దవైన మూడో వంతుకు తీసిన సగటు అది. మధ్యలో ఒకటి రెండు దానికి దాదాపు రెట్టింపు రావచ్చు.

అందుకే పడవ రోజును యాత్రలో ఆఖరి రోజు పెట్టకండి. రెండో రోజు పెట్టి, మూడో రోజును ఖాళీగా ఉంచండి. మర్నాడు విమానం ఉన్నవాడికి ఏ గాలీ ఎక్కువ అనిపించదు. ఖాళీ రోజు ఉన్నవాడే 'ఇవాళ వద్దు, రేపు వెళ్దాం' అనగలడు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ దగ్గర పర్యాటకుల పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. పట్టాల్సినవాళ్ళ కన్నా ఎంతో ఎక్కువమంది అందులో ఉన్నారు. 2017 నవంబరులో కృష్ణలో ఫెర్రీ దగ్గర, 2019 సెప్టెంబరులో వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగినవి మన ఇళ్ళకు ఇంకా దగ్గర. ఈ సభలో ఆ కుటుంబాలను ఎరిగినవాళ్ళు ఉండే ఉంటారు.

పడవ ఎందుకు బోల్తా పడుతుందో రెండు మాటల్లో చెప్తాను. బరువు కింద ఉన్నంతవరకు ఒరిగిన పడవ మళ్ళీ నిలబడుతుంది. జనం పైఅంతస్తు ఎక్కితే బరువు పైకి పోతుంది. అప్పుడు ఎవరో 'అదిగో డాల్ఫిన్' అంటే అందరూ ఒక పక్కకు పరుగెత్తుతారు. పడవకు లేచే బలం ఉండదు. కాబట్టి 48 మందికి ఒక పడవ కాదు, రెండు పడవలు. ఒక్కోదాని లైసెన్సులో ఎంతమందని రాసి ఉందో మన కళ్ళతో చూడాలి. 'ఇంకో ఐదుగురే కదా, సర్దుకుంటాం లెండి' అనే మాట మనం అనకూడదు. సర్దుకోవడం మన ఇళ్ళల్లో మంచి గుణం, పడవలో కాదు. అలాగే సరంగు వద్దంటే వద్దు. ఆ రోజుకు కలెక్టరైనా, కంపెనీ డైరెక్టరైనా సరంగు మాట వినాల్సిందే. డబ్బు కట్టామని అతని మీద ఒత్తిడి పెట్టే పని ఎవరూ చేయవద్దు. అక్కడ ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి, తెలుగు తెలిసిన గైడును అడిగితే మన పెద్దవాళ్ళకు సూచనలు సొంత భాషలో అందుతాయి.

పడవ మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. నీళ్ళలోంచి ఎక్కడానికి నిచ్చెన ఉందా, దాని మెట్లు రెండు మూడైనా నీళ్ళలోకి దిగుతాయా? దూకడం ఎవరైనా దూకుతారు. అలసిపోయి, తడిసిన బరువుతో మళ్ళీ పైకెక్కడమే యాభై దాటినవాళ్ళకు అసలు పరీక్ష. రెండోది, మనిషి నీళ్ళలో ఉండగా ఇంజను పూర్తిగా ఆపుతారా? వెనక తిరిగే రెక్కలకు మనిషీ చేపా తేడా తెలియదు. ఇంకొకటి, ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. అనుమతించిన చోట తప్ప ఎక్కడా నీళ్ళలో దిగవద్దు. పగడాల మీద నిలబడవద్దు, ముక్క తెచ్చుకోవద్దు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

చివరిగా హాజరు. 1998 జనవరిలో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక పడవవాళ్ళు తలలు లెక్కపెట్టడంలో పొరపాటు పడి, నీళ్ళలో ఉన్న ఇద్దరు అమెరికన్ దంపతులను వదిలి ఒడ్డుకు వచ్చేశారు. ఆ సంగతి రెండు రోజుల తర్వాత గానీ బయటపడలేదు. వాళ్ళు మళ్ళీ దొరకలేదు. లెక్క అంటే తలల సంఖ్య కాదు, పేర్లు. ఇది ఈ బడిలో మాకు రోజూ నేర్పినదే. 'అందరూ వచ్చారా' అని ఏ మాస్టారూ అడగలేదు. పేరు పిలిచారు, 'వచ్చాను సార్' అనేదాకా ఆగారు. పక్కవాడు పలికితే చెవి మెలేశారు. ప్రతి దీవి దగ్గరా పడవ తాడు విప్పే ముందు అదే పద్ధతిలో హాజరు. ఒక పడవకు మా లెక్కల టీచరు, రెండో పడవకు మా హిందీ మాస్టారు ఆ బాధ్యత తీసుకోవాలని సభాముఖంగా కోరుతున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ గొంతుకు మేం ఇప్పటికీ భయపడతాం.

కార్యవర్గం ఈ వారమే చేయాల్సినవి మూడు. ఒకటి, ప్రతి పేరు ఎదురుగా ఈత వచ్చా రాదా, మందులు ఏమిటి, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి అని మూడు గడులు నింపాలి. సిగ్గుపడి ఎవరూ అబద్ధం రాయవద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి, నీళ్ళలో దిగవచ్చంటేనే దిగాలి. పడవ కదలికకు వాంతులయ్యేవాళ్ళు మాత్ర సంగతీ అప్పుడే అడగండి, అది బయలుదేరే ముందే వేసుకోవాలి. రెండు, అనుకూలమైన తిథి చూసి తేదీ, దాని పక్కనే ఖాళీ రోజు ఖాయం చేయాలి. దీవులకు వారపు సెలవులు ఉంటాయి, అవీ కనుక్కోవాలి. మూడు, ఈత రానివాళ్ళు ఇప్పటినుంచే మీ ఊళ్ళో ఏదో ఒక కొలనులో నీళ్ళు అలవాటు చేసుకోవాలి. ఈదక్కర్లేదు, ముఖం నీళ్ళలో పెట్టి ఊపిరి వదలడం వస్తే చాలు. ముఖ్యంగా అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, యాభై ఏళ్ళ కిందట మిమ్మల్ని రానివ్వని బావి బాకీ ఇది, వసూలు చేసుకోండి.

నాకు ఇచ్చిన సమయం అయిపోయిందని అధ్యక్షులు గడియారం చూస్తున్నారు.